పర్లేదు అన్న పాపానికి

ఆరుద్ర కార్తె. గాలి పడమటి నుంచి.

పొద్దున లేచి తాళ్ళు చూశాను. రాత్రి గాలికి మేం కాపురముండే తెప్ప పక్కవాళ్ళ తెప్పకు ఆనుకుంది. కట్టుతాడు ముడి విప్పి మళ్ళీ వేయబోతే వేళ్ళు నిలవలేదు. సౌభాగ్యం వచ్చి, "జరుగు, నేనేస్తా" అని వేసింది. సౌభాగ్యం నా భార్య. ఈ మధ్య ముడులన్నీ ఆమెవే. నా చొక్కా గుండీలు కూడా.

మంచినీళ్ళ బోటు దగ్గర బిందె నింపుకుని వచ్చేసరికి తెర మీద తీర్పు వచ్చి ఉంది. సౌభాగ్యం గట్టిగా చదివింది.

"దరఖాస్తుదారు తనకు ఇబ్బంది ఏమీ లేదని విచారణలో స్వయంగా తెలిపినందునను, దృశ్యంలో ఆయన చేతులు నిలకడగా కనబడినందునను, నరాల పట్టీల మంజూరుకు కారణం లేదు."

చదివి నా వైపు తిరిగింది.

"ఎప్పుడు చెప్పావయ్యా, ఇబ్బంది లేదని?"

గుర్తు చేసుకున్నాను. విచారణ రోజు తెర ముందు కూర్చోగానే అందులోంచి ఆఫీసరు అడిగాడు, "ఎలా ఉన్నారు తాతగారూ?" అని. "పర్లేదండీ" అన్నాను.

"అంతేనా?"

"అంతే."

"నీకో దణ్ణం" అని లోపలికి పోయింది.

పర్లేదు అనే మాట నాకు దళంలో అంటింది. సముద్రం మీదికొచ్చిన ఏళ్ళలో నేను కట్ట దళంలో, సముద్రానికి అడ్డుకట్ట పోసేవాళ్ళలో చేశాను. కావలి మారేటప్పుడు పద్దులో నాలుగు ముక్కలు రాసి చివర "పర్లేదు" అని రాయాలి. కట్ట నిలిచి ఉంది, పడుకున్నవాళ్ళను లేపనక్కర్లేదు అని దాని అర్థం. కాలు విరిగినవాడు కూడా కట్ట నిలిస్తే పర్లేదు అనే రాసేవాడు. దళం ముగిసి ఇన్నేళ్ళయినా నేను ఈ పద్దు రాస్తూనే ఉన్నాను, ఆ మాటతోనే ముగిస్తున్నాను.

నా పని దిమ్మిస యంత్రం మీద. మట్టిని కుదిమి గట్టిచేసే యంత్రం. దానికి రెండు పిడులు. ఒకటి నేను పట్టుకునేవాణ్ణి, ఒకటి ఏసుపాదం. తుఫానులో పిడి వదిలేది లేదు. యంత్రం ఆపాక కూడా చేతులు ఆడుతూనే ఉండేవి. ఇప్పటికీ ఆడుతున్నాయి.

మందుల బోటు డాక్టరు మణికట్లకు పట్టీలు కట్టాలన్నాడు. నరం బతికుండగా కట్టాలట. ఈ చలికాలం దాటితే కట్టినా లాభం లేదన్నాడు. ఆయన రాసిచ్చిన చీటీ కూడా జతచేశాను. చీటీ ఒకటి చెబితే మనిషి ఇంకొకటి చెప్పాడు. మనిషి మాటే ఖాయం చేశారు.

చేతులు నిలకడగా కనబడ్డాయట. ఎవరి చేతులు చూశారో.

కట్ట నిలిచి ఉంది. పర్లేదు.

పునర్వసు కార్తె. జల్లు.

దళవాయి మున్నీసా గారు తెర మీదికి వచ్చారు. దళంలో మా జట్టుకు పెద్ద. ఇప్పుడు మాలాంటి పాతవాళ్ళ అప్పీళ్ళు ఆమే నడుపుతున్నారు.

"పున్నయ్యా, అప్పీలు వేద్దాం. తెర మీద వింటే చాలనుకుంటే ఆశ్లేషకల్లా పిలుస్తారు. కాదు నేరుగా పోయి కూర్చుంటానంటే మెట్టపట్నం పోవాల. అక్కడ బెంచి హస్త కార్తెలోగాని కూర్చోదు. ఆ రోజుకి నువ్వు బెంచి గడప దాటకపోతే అప్పీలు మూసేస్తారు. మళ్ళీ తెరిచేది లేదు."

"ఏది మంచిదండీ?"

"నన్నడిగితే తెరే. కాలు కదపనక్కర్లా. హస్తలో వాన ఎట్టుంటదో నీకు తెలవదా? కానీ ఎంచుకునేది నువ్వే. గుర్తు నువ్వే నొక్కాల."

తెర మీద రెండు గుర్తులు వచ్చాయి. ఒకటి తెర బొమ్మ, ఒకటి తలుపు బొమ్మ.

నాకు నలుగురిలో నోరు పెగలదు. బడిలో కూడా హాజరు పిలిస్తే చెయ్యెత్తేవాణ్ణేగాని ఉన్నాను అనేవాణ్ణి కాదు. ఇంట్లో కూర్చునేదే మేలనిపించింది. రేపు నొక్కుతానన్నాను.

"నానబెట్టకు" అన్నారు.

కట్ట నిలిచి ఉంది. పర్లేదు.

పునర్వసు కార్తె. మరునాడు. ఎండ.

గుర్తు నొక్కేముందు ఏసుపాదంతో ఒక మాట అనుకుందామని పిలిచాను. వాడు కట్టకు దక్షిణపు కొసన ఉంటాడు. మేం కలుసుకుని ఏళ్ళయింది. ఆదివారం ఆదివారం తెర మీదే మాటలు.

సౌభాగ్యం టీ ఇచ్చింది. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

"ఏందిరా, చేతులు భలే కుదురుకున్నయ్యే!" అన్నాడు వాడు. "గ్లాసు బొమ్మలాగా పట్టుకున్నావ్. ఇంకా పట్టీలెందుకురా నీకు?"

నా ఒళ్ళో టీ ఒలుకుతోంది. కాలుతోంది.

తెర మూలన నా బొమ్మ చిన్నగా కనబడుతుంది. ఎప్పుడూ దాన్ని చూడను, సిగ్గు. ఈ రోజు చూశాను. అందులో నా చెయ్యి రాయిలా ఉంది. తల దించి నా చెయ్యి చూసుకున్నాను. ఆడుతోంది. మళ్ళీ తెర చూశాను. రాయి.

"ఏమే, ఇట్రా" అన్నాను.

సౌభాగ్యం వచ్చి చూసింది. నా మణికట్టు పట్టుకుంది. ఆమె గాజులు గలగలా మోగుతున్నాయి.

"అన్నా, గాజుల చప్పుడు వినబడతందా?" అని ఏసుపాదాన్ని అడిగింది.

"ఏం చప్పుడు చెల్లెమ్మా? ఏం లేదే."

సంగతి అప్పుడు తెలిసింది. మేమంతా తెప్పల మీద ఉంటాం. ఇల్లు ఊగుతుంది, ఇంట్లో తెరా ఊగుతుంది. అవతలివాళ్ళకు కళ్ళు తిరగకుండా బొమ్మలో ఊపంతా తీసేసి పంపుతారు. అనవసరమైన చప్పుళ్ళు కూడా తీసేస్తారు. దాన్ని తేట అంటారు. తేట లేని తెర లేదు. ఇంటి ఊపుతో పాటు నా వణుకునూ తీసేస్తోంది. దాని తప్పేం లేదు. ఏది ఇల్లో ఏది మనిషో దానికెట్లా తెలుస్తుంది?

దాన్ననడం ఎందుకు? చెయ్యి ఆడినప్పుడల్లా "ఇల్లు ఊగుతోందిలే" అని నేనూ అనేవాణ్ణి. వచ్చినవాళ్ళతో అన్నాను, సౌభాగ్యంతో అన్నాను.

ఏసుపాదంతో ఇంకేం చెప్పలేదు. "ఉంటాన్రా" అని ఆపేశాను. తెర మీద తలుపు గుర్తు మీద వేలు పెట్టబోయాను. వేలు తెర బొమ్మ వైపు జారుతోంది.

"ఆగాగు" అని సౌభాగ్యం నా మణికట్టు రెండు చేతులతో పట్టుకుంది. "ఇప్పుడు నొక్కు. నొక్కేది నువ్వే, నేను పట్టుకుంటానంతే."

తలుపు నొక్కాను.

కట్ట నిలిచి ఉంది. పర్లేదు.

ఆశ్లేష కార్తె. ఉక్క.

మున్నీసా గారికి కోపం వచ్చింది.

"ఏందయ్యా నువ్వు చేసింది? తెరకి పోయినట్టయితే ఈ పాటికి అయిపోయేది. చలికాలం దాటితే పట్టీ పనికిరాదని నువ్వేగా చెప్పావ్? ఇంకా గడువుంది, మార్చుకో."

"మార్చనండీ."

"ఎందుకో చెప్పు మరి."

తెర మీద ఎట్లా చూపించను? "మీరొకసారి మా తెప్పకు రండి" అన్నాను. అంతకంటే మాట రాలేదు.

నాలుగు రోజులకు వచ్చారు. పడవ దిగుతుంటే చెయ్యి అందించాను, పట్టుకున్నారు. పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు. పడవవాడు "అమ్మా, జరగండి" అని రెండుసార్లు అన్నాడు.

లోపలికి వచ్చి కూర్చున్నారు. సౌభాగ్యం మజ్జిగ ఇచ్చింది. చాలాసేపు తాగలేదు.

"ఇన్నేళ్ళుగా నిన్ను తెర మీదే చూస్తన్నా. నీ వణుకు కాయితాల్లో చదవడమేగాని..." అని ఆగారు. "ఎంతమందిని తెరకి పంపించానో పున్నయ్యా."

"మీకు తెలవదు గదండీ" అంది సౌభాగ్యం.

"తెలుసుకోవాల గదమ్మా."

మజ్జిగ తాగి లేచారు. "నేరుగానే పోదాం. నేను ముందుగా పోయి అక్కడుంటా. నువ్వు ఎట్టాగైనా గడప దాటు, అది చాలు."

కట్ట నిలిచి ఉంది. పర్లేదు.

ఉత్తర కార్తె. ముసురు.

సౌభాగ్యం నాకు పాఠం చెబుతోంది. పప్పులో రాళ్ళు ఏరుతూ ఉన్నట్టుండి అడుగుతుంది.

"ఎలా ఉన్నారు పున్నయ్య గారూ?"

"పర్లేదు."

"ఛీ. మళ్ళీ. ఎలా ఉన్నారు?"

"పర్లేదు... కాదు. ఉండు."

"ఉండేదేంది, బెంచివాళ్ళు నీ కోసం ఆగుతారా? బాగాలేదు అని చెప్పు. మొదటి ముక్క మారిస్తే చాలు, చివర లేదు ఎట్టాగూ ఉంది."

నోరు తెరిచాను. రాలేదు. కట్ట మీద బాగాలేదు అంటే గంట కొట్టేవాళ్ళు. నిద్రపోయేవాళ్ళంతా లేచి పరుగెత్తుకొచ్చేవాళ్ళు. నా ఒక్కడి కోసం గంట కొట్టించడం ఎట్లా?

సాయంత్రం దాకా అడిగింది. సాయంత్రం దాకా అదే చెప్పాను. ఆఖరికి చేట పక్కన పెట్టి చెయ్యి చాపింది.

"ఆ మాట నాకిచ్చి పో."

"ఏంది?"

"పర్లేదు అనే మాట. ఇక్కడ నా దగ్గర పెట్టి పో. జాగ్రత్తగా దాస్తా. వచ్చాక తీసుకుందువులే."

నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. చెయ్యి చాపే ఉంచింది. ఆ చేతిలో నా చెయ్యి పెట్టాను.

కట్ట నిలిచి ఉంది. ఆఖరి మాట సౌభాగ్యం దగ్గరుంది.

హస్త కార్తె. గాలివాన.

బోట్లు ఆపేశారు. బెంచి రేపు.

నిన్న ఆఖరి బోటుకు ఏసుపాదం దిగాడు. రమ్మని నేననలేదు. "పిడి ఒక్కడే పట్టుకుంటే తిరగదు గదరా" అని వచ్చేశాడు. కౌగిలించుకున్నాం. కౌగిట్లో ఉండగానే దగ్గాడు. విడిచినా దగ్గుతూనే ఉన్నాడు. లోపలినుంచి మట్టి పెళ్ళలు కూలినట్టు దగ్గు.

"ఎప్పట్నించిరా?"

"శానా ఏళ్ళు. మట్టి దుమ్ముగా."

"ఆదివారం ఆదివారం మాట్లాడతన్నా. ఒక్కసారీ వినలా."

"నీ చేతులు కుదురుకున్నయ్యని నేను సంబరపడలా? అట్టాగే." నా చేతుల వైపు చూసి తల తిప్పుకున్నాడు. "మన తేట మండా."

వాడి ఊపిరితిత్తుల అప్పీలు కూడా తెర మీద ఉంది, వచ్చే నెల.

పొద్దున మున్నీసా గారు కబురు పంపారు. రేవులో తెర గది ఉంది, బోట్లు లేవు కాబట్టి ఈ ఒక్కసారికి అక్కడినుంచే మాట్లాడనిస్తామని బెంచివాళ్ళన్నారు, నీ ఇష్టం అని. రేవు మా తెప్పకు కూతవేటు దూరం. ఏసుపాదం నా మొహం చూశాడు.

"కట్ట ఉందిగా" అన్నాను.

కట్ట నేరుగా మెట్టపట్నం పోతుంది. బోటు వచ్చాక దాని మీద నడిచేవాళ్ళు లేరు. సౌభాగ్యం ఇద్దరికీ వానకు కప్పుకోను గోనె పట్టాలు కుట్టింది. నా గుండీలు పెట్టింది. ఎదుర్రొమ్ము మీద ఒకసారి తట్టింది.

నడిచాం. ఒక పక్క సముద్రం ఎత్తుగా, ఇంకో పక్క తెప్పలు కిందుగా. అల కొట్టినప్పుడల్లా కాళ్ళ కింద తెలుస్తోంది. ఏసుపాదం దగ్గు వస్తే ఆగుతాం. నేను జారితే వాడు పట్టుకుంటాడు. మధ్యలో వాడు ఆగి కాలితో నేల తొక్కి చూశాడు.

"ఈ ముక్క మనదేరా. గుర్తుందా?"

"ఊఁ."

"ఎంత గట్టిగా కుదిమాం చూడు. సూది దిగదు."

వానకు తల వంచుకుని మళ్ళీ నడిచాం. చీకటి పడేలోపు మెట్ట చేరాం. దళం పాతవాళ్ళ సత్రంలో మున్నీసా గారు పొడి బట్టలు సిద్ధం చేసి ఉంచారు.

కట్ట నిలిచి ఉంది. మా ముక్క కూడా.

హస్త కార్తె. మరునాడు. తెరిపి.

ఏళ్ళ తర్వాత గట్టినేల మీద పడుకుని లేచాను. ఏదీ ఊగదు. మంచం, గోడ, దీపం ఎక్కడివక్కడే ఉన్నాయి. నా చేతులు తప్ప. దుప్పటి మీద అవి ఆడుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఇల్లు ఊగుతోందిలే అనడానికి ఇక్కడ ఇల్లు ఊగడం లేదు. ఇంత ఉందని నాకే తెలియదు.

బెంచి గది చిన్నది. ఒక పెద్ద చెక్క బల్ల. అవతల బెంచి సభ్యురాలు హైమవతి గారు, ఇవతల నేను. నా పక్కన మున్నీసా గారు. ఏసుపాదం తలుపు దగ్గర. బల్ల మీద ఆమె ముందు తెర ఉంది. రికార్డు కోసమట. గుమాస్తా దాన్ని ఆన్ చేశాడు. ఆమె దాంట్లోకి చూస్తున్నారు. నేను ఎదురుగానే ఉన్నాను, చెయ్యి చాపితే అందేంత దగ్గర. ఆమె చూస్తున్నది మాత్రం తెరలో ఉన్న నన్ను.

"ఎలా ఉన్నారు పున్నయ్య గారూ?" అన్నారు తెరలోకి చూస్తూనే.

నాలుక చివరికి వచ్చింది. ఆ మాట ఇక్కడ లేదు, సౌభాగ్యం దగ్గరుంది అనుకున్నాను. నోరు మూసుకున్నాను.

ఆమె ఆగారు. "వినబడిందా అండీ?"

మున్నీసా గారు లేవబోయారు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఇంత దూరం నడిచి వచ్చి ఇంకొకరి చేత చెప్పించను.

"అమ్మా" అన్నాను. ఆమె తెరలోంచి తల ఎత్తలేదు. మళ్ళీ అన్నాను. "అమ్మా, అందులో కాదు. ఇటు చూడండి."

గుమాస్తా చిన్నగా నవ్వాడు. ఆమె నవ్వలేదు. తెర మీద కళ్ళు తీసి నన్ను చూశారు. అప్పుడు రెండు చేతులూ తీసి బల్ల మీద పెట్టాను.

గట్టి చెక్క. గట్టినేల మీద ఉన్న బల్ల. టకటకా మోగింది. ఆమె కలం దొర్లింది. ఆమె తెర వైపు చూశారు, నా చేతుల వైపు చూశారు. మళ్ళీ తెర వైపు. అందులో చప్పుడు లేదు, కదలిక లేదు. తెరను చేత్తో పక్కకు జరిపి, తన అరచేతిని బల్ల మీద, నాకు కాస్త ఎడంగా ఆనించారు. అట్లాగే ఉంచారు.

"ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?"

"ఎప్పుడూనమ్మా."

"మరి ముందు విచారణలో ఇబ్బంది లేదన్నారు?"

"పర్లేదు అన్నానమ్మా. దళంలో అది కట్ట గురించి అనే మాట. కట్ట నిలిచిందని. నా గురించి కాదు." ఇంత పొడుగు మాట నేను ఎప్పుడూ అనలేదు. ఊపిరి పీల్చుకున్నాను. "నా గురించి అయితే... బాగాలేదమ్మా."

అనేశాను. ఏ గంటా మోగలేదు. ఎవరూ పరుగెత్తుకు రాలేదు. తలుపు దగ్గర ఏసుపాదం దగ్గాడు. గదంతా వినబడింది. ఆమె అటు కూడా చూశారు.

"ఆయన?"

"నా జతగాడమ్మా. అవతలి పిడి."

ఆమె గుమాస్తాతో రాయించారు. దృశ్యంలో కనబడనిది బెంచి కళ్ళారా చూసిందని, అప్పీలు మంజూరని. ఇంకొకటి కూడా రాయించారు. కట్ట దళం వాళ్ళు పర్లేదు అంటే దాన్ని జవాబుగా తీసుకోరాదని, మళ్ళీ అడగాలని. "వినడానికి వింతగా ఉందండీ" అన్నాడు గుమాస్తా. "రాయండి" అన్నారామె.

బయటికి రాగానే మున్నీసా గారు ఏసుపాదం భుజం పట్టుకున్నారు. "నీది తెర నుంచి తీసేసి తలుపుకి మారుస్తన్నా. నిన్నడిగేదేం లేదు."

"గుర్తు నేనే నొక్కాల గదండీ?" అన్నాడు వాడు, ఆమె మాట ఆమెకే అప్పజెబుతూ.

"నొక్కి చావు."

మధ్యాహ్నం ఆస్పత్రిలో నరాలు చూశారు. కుడి చేతి నరం బతికే ఉంది, పట్టీ కట్టారు. ఎడమ చేతిది చచ్చిపోయింది. కొన్ని వారాల ముందైతే బతికేదేమో అన్నాడు డాక్టరు. తెరకు పోయి ఉంటే ఆశ్లేషలోనే అయిపోయేది నిజమే. కానీ తెర మళ్ళీ నిలకడనే చూపేది, రెండు చేతులూ పోయేవి. ఆ లెక్క డాక్టరుకు చెప్పలేదు.

కట్ట నిలిచి ఉంది.

చిత్త కార్తె. గాలి లేదు.

బోట్లు తిరిగాయి. ఇంటికి వచ్చాను. సౌభాగ్యం పడవ దగ్గరే కుడి చెయ్యి పట్టుకుని చూసింది, గాజులు చెవి దగ్గర పెట్టుకుంది. మోగలేదు. ఎడమ చెయ్యి పట్టుకుంది. మోగాయి.

"ఇంతకీ చెప్పావా?"

"చెప్పా."

"ఏమని?"

"బాగాలేదని."

లోపలికి వచ్చాక అన్నం పెట్టింది. కుడి చేత్తో కలుపుకుని తిన్నాను. ఒక్క మెతుకు కింద పడలేదు. తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుని చూసింది. చెయ్యి కడుక్కున్నాక గుప్పెట మూసి నా ముందు పెట్టింది.

"నీ మాట ఇదిగో. దాచి ఉంచా. తీసుకుంటావా?"

ఆ గుప్పెట చూశాను.

"నీ దగ్గరే ఉంచు" అన్నాను.

ఈ రోజు అక్షరాలు గీత మీదే ఉన్నాయి. రాసి రాసి చేసిన అలవాటు, చివర ఆ మాట కోసం చెయ్యి దానంతటదే కదులుతోంది. ఆపాను.

కట్ట నిలిచి ఉంది. కుడి చెయ్యి కుదురుతోంది. ఎడమ చెయ్యి బాగాలేదు.